కుట్రకథకు తుది యెక్కడ?

నిదానముగా రగులుకొను కుట్రకథను ప్రారంభించుట కష్టము కాదు. దానిని పాఠకుడు మెచ్చునట్లు ముగించుటయే కష్టము. మారువేషములు, సొరంగమార్గములు, అర్ధరాత్రపు గుసగుసలు పాఠకుని వారము వారము లాగుకొని పోవును. కాని రచయిత వేసిన ప్రతి ముడియు అతడు పాఠకునికి పడిన బాకీ వంటిది. కథ సాగిన కొలది వడ్డి పెరుగును. కడపట ‘హంతకుడు వీడే’ యని ఒక పేరు చెప్పినంత మాత్రమున ఆ బాకీ తీరునా? తీరదనియే మా అభిప్రాయము. తీరు మార్గము వేరొకటి కలదేమో విచారించుటకు మన యేటి గట్టుతో సంబంధము గల కథయే ఒకటి యున్నది.

అది కల్కి కృష్ణమూర్తిగారి ‘పొన్నియిన్ సెల్వన్’. 1950 అక్టోబరు మొదలు 1954 మే వరకు, మూడున్నర యేండ్లు ‘కల్కి’ వారపత్రికలో వెలువడిన అయిదు భాగముల నవల. పొన్ని యనగా కావేరి. మన పొన్నై కాదు. అయినను కథానాయకుడైన వందియదేవుడు వల్లమునకు చెందిన బాణవంశపు యువకుడు. ఆ వల్లమే పొన్నై యేటి యొడ్డుననున్న తిరువల్లము. బాణులు తెలుగుసీమలోను ఏలికలై, తెలుగున శాసనములు వేయించినవారు. అదే యేటి యొడ్డున మేల్పాడిలో, ఈ నవలకు పేరిచ్చిన రాకుమారుడే రాజరాజచోళుడై తన తాత అరింజయుని స్మృత్యర్థము కట్టించిన శివాలయము నేటికిని నిలిచియున్నది. కావున ఇది అరవవారి కథ, మనకేల యనుట మనకు తగదు.

నవలలోని కుట్రలు రెండు. సుందరచోళ చక్రవర్తి కాళ్లు చచ్చుబడి తంజావూరిలో మంచము పట్టియుండగా, పెద్ద పళువేట్టరాయని పెద్దరికమున సామంతులు కూడి, యువరాజైన ఆదిత్య కరికాలుని తప్పించి మధురాంతకునికి పట్టము కట్టదలచిరి. ఇది సింహాసనమునకై పన్నిన కుట్ర. వీరపాండ్యుని తల నరికినందుకు చోళవంశమునే నిర్మూలింపవలెనని రవిదాసుడు మొదలగు పాండ్యపక్షమువారు పన్నినది రెండవది, ఇది పగ. ఈ రెంటి నడుమ నందిని నిలిచినది. మొదటి కుట్రను రచయిత దాచలేదు. కడంబూరు మాళిగలో వందియదేవునితోపాటు మనమును దానిని ఆదిలోనే చాటుగా వినుచున్నాము. అందలి సామంతులు దుర్మార్గులు కారు. చోళరాజ్యమునకై రక్తము ధారపోసిన వంశములవారు. కల్కిగారి నేర్పు ముఖ్యముగా ఇందులోనే కలదు. మంచివారు కుట్రలో చేరుటవలన, ఎవరు చేసిరి అను ప్రశ్నకంటె ఏల చేసిరి అను ప్రశ్న బలవత్తరమైనది.

ఇక హత్య. కడంబూరులో ఆ రాత్రి కరికాలుడు కూలినపుడు నందిని యున్నది, వందియదేవుడున్నాడు, రవిదాసుని మూకయున్నది, మారువేషమున పళువేట్టరాయడున్నాడు. కత్తి యెవరిదో నిస్సందేహముగా చెప్పకయే రచయిత ముందునకు సాగినాడు. ఇది పాఠకులను వంచించుటయని కొందరందురు. మాకట్లు తోచదు. ఉడైయార్‌గుడి శాసనము రాజరాజుని రెండవ పాలనావత్సరమున వేయబడినది. కరికాలుని చంపిన ద్రోహులుగా సోముడు, రవిదాసుడు, పరమేశ్వరుడు అను అన్నదమ్ముల పేర్లు అందున్నవి. వారి ఆస్తుల స్వాధీనము మాత్రమే తెలియుచున్నది. ఆ ద్రోహమునకు ప్రేరేపించినదెవరో శాసనము చెప్పదు. నీలకంఠశాస్త్రిగారు ఉత్తమచోళుని శంకించిరి. తరువాతి పండితులు పలువురు అంగీకరింపలేదు. చరిత్ర తేల్చనిదానిని నవలాకారుడు తేల్చినచో ఆ తీర్పు చౌకబారుదగును.

అయినను తేల్చనంత మాత్రమున తృప్తి కలుగదు. దానికి రచయిత వేరొక యుపాయము చేసినాడు. పట్టాభిషేక సమయమున అరుళ్‌మొళి తనకు పెట్టవలసిన కిరీటమును తీసి మధురాంతక ఉత్తమచోళుని శిరమున నుంచును. అయిదవ భాగమునకు ‘త్యాగశిఖరము’ అని పేరిడుట ఇందుకే. కుట్రదారులు దొంగిలింపదలచిన వస్తువును దాని హక్కుదారుడే చేజేతుల ఇచ్చివేసినచో, ఇక ఆ కుట్రకు ఆధారమేమున్నది? హంతకుని పట్టియిచ్చుటచే కాక, కుట్రను నిరర్థకము చేయుటచే కథ ముగిసినది. బాకీ తీరు మార్గము ఇదియే యని మా నమ్మకము.

లోపములు లేవని చెప్పజాలము. కిరీటము పొందిన మధురాంతకుడు సామంతులు నిలబెట్టినవాడు కాడు. పూలు కట్టి కోవెలకిచ్చు సేందన్ అముదనుడు. ఈ జన్మరహస్యము కథకు సదుపాయమే గాని సహజము కాదు. చివరి ప్రకరణములు త్వరపడినవి. ఎవరేమైరని పాఠకులు అడుగగా రచయిత కడపట ప్రత్యేకముగా సమాధానము వ్రాయవలసి వచ్చినది. మణిరత్నముగారు 2022, 2023 సంవత్సరములలో రెండు భాగములుగా తీసిన చిత్రమును మనవారు అనేకులు తెలుగులోను చూచిరి. అందు రాజ్యము కోరిన మధురాంతకునికే కిరీటము దక్కును. ఈ యొక్క విషయమున చిత్రమే మేలు. కోరి ఎదిరించినవానికి ఇచ్చుటలోనే త్యాగము పెద్దది.

విదేశపు ధారావాహికలతో పోల్చిన ఈ సంగతి స్పష్టపడును. అమెరికాలో 1990లో ప్రారంభమైన ‘ట్విన్ పీక్స్’ ఒక బాలిక హత్యను పట్టుకొని సాగినది. రెండవ విడత నడుమనే హంతకుడు బయటపడగా చూపరులు తగ్గి, 1991లో ఆగిపోయినది. 2004 నుండి 2010 వరకు నడచిన ‘లాస్ట్’ ముడిపై ముడి వేసికొని పోయినది. దాని ముగింపుపై వాదము నేటికిని తెగలేదు. ఒకే ప్రశ్నపై నిలిచిన కథ ఆ ప్రశ్న తీరగానే పడిపోవును. ప్రశ్నలు లెక్కకు మించినచో ఏ జవాబును చాలదు. కల్కిగారికి హత్య వెనుక రాజధర్మమను రెండవ ప్రశ్న ముందే యున్నది.

మన పల్లెలలో ద్రౌపదమ్మ కోవెలల యెదుట భారతము ఆడుదురు. లక్కయిల్లు మొదలు జూదము వరకు శకుని పన్నాగములన్నియు ప్రజలెరిగినవే. దుర్యోధనుడు కూలుననియు ఎరుగుదురు. అయినను తెల్లవారువరకు కూర్చుందురు. తృప్తి తెలియనిది తెలియుటలో లేదు. తెలిసిన న్యాయము కన్నుల యెదుట జరుగుటలో కలదు.

ఈ కథ తరువాయి మన భాషలోనికే వచ్చినది. 985లో రాజ్యమునకు వచ్చిన రాజరాజు తన కుమార్తె కుందవను వేంగి విమలాదిత్యునికిచ్చెను. వారి పుత్రుడు రాజరాజనరేంద్రుడు నన్నయగారిచే భారతము తెనిగింపజేసినాడు. అదియు నడుమ ఆగి, తిక్కన ఎర్రనల చేతులలో పూర్తి యయ్యెను. ఆ నరేంద్రుని కొడుకే 1070లో కులోత్తుంగుడై చోళసింహాసనమెక్కెను. మన బిడ్డలు బడిలో అరవము చదివి కల్కిగారి నవలను సులువుగా చదువగలరు, నన్నయను చదువలేకున్నారు. తిరువల్లమునకో మేల్పాడికో వారిని తోడ్కొని పోయినపుడు, ఈ రెండవ సగమును పెద్దలు తెలుగున చెప్పవలెనని మా మనవి. అది చెప్పనిచో వారికి తెలిసిన కథ సగమే యగును.