అయ్ని, ఆతిథ్యం, స్వచ్ఛంద సేవ

పెరూలోని టిటికాకా సరస్సులో టకీలే ద్వీపవాసులైన కెచువా రైతులు 1970లలో పర్యాటకాన్ని తమ అధీనంలోనే నడిపారు. పడవలు వారివే, అతిథులను వంతులవారీగా ఇళ్ళకు పంపేదీ వారే. 1990లలో ప్రభుత్వ సరళీకరణ విధానాల మూలంగా పడవలపై గుత్తాధికారం పోయి, రాబడిలో పెద్దభాగం పూనో పట్టణపు ఏజెన్సీలకు మళ్ళింది. నిర్ణయాధికారం ఎవరిదన్న ఈ ప్రశ్న స్వచ్ఛంద సేవకూ వర్తిస్తుంది.

కెచువా గ్రామాలలో ‘అయ్ని’ అంటే బదులు శ్రమ: నేడు ఒకరి పొలంలో చేసిన పని రేపు తమ పొలానికి తిరిగి రావాలి. రెండు వారాలకు వచ్చే విదేశీయుడి సాయానికి అలా బదులు తీర్చే వీలుండదు. ఆతిథేయి గ్రహీతగానే మిగిలిపోతాడు. బసకూ భోజనానికీ తగిన వెల నేరుగా ఆ కుటుంబానికే చెల్లించి, ఊరి సభ అప్పగించిన పనే చేస్తే ఆ అసమానత కొంతైనా తగ్గుతుంది.