కుండీలో శీతాకాలం

అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో తెలుగువాళ్ల ఇంటికి అక్టోబరులో వెళ్తే, హాల్లో కిటికీ పక్కన కరివేపాకు చెట్టు కనిపిస్తుంది. వేసవంతా పెరట్లో ఎండకాగిన కుండీ, రాత్రుళ్లు చలి తగలగానే లోపలికి వచ్చేస్తుంది. ఇక మే దాకా అది ఇంట్లో మనిషితో సమానం. ఆ అలవాటు కొద్దీ నేను, బోస్టన్ దగ్గర కాపురం పెట్టిన రెండో ఏడు, కొత్తగా కొన్న బాక్స్‌వుడ్ బోన్సాయ్‌ని కూడా దాని పక్కనే పెట్టాను. ఫిబ్రవరికి ఆకులు పాలిపోయాయి. మార్చిలో కొమ్మ గోటితో గీరి చూస్తే బెరడు కింద పచ్చదనం లేదు. కరివేపాకు మాత్రం నిక్షేపంగా ఉంది.

రెండు చెట్లకీ ఒకే వైద్యం చేశాను. కరివేపాకు వేడి దేశపు చెట్టు, దానికి మంచు తగిలితే చావే. బాక్స్‌వుడ్ అలా కాదు. దాని జాతులు యూరప్‌లో, చైనా, కొరియా, జపాన్‌లలో చలికాలం చూస్తూ పెరిగినవి. ఏటా కొన్ని నెలలు చల్లగా నిద్రపోవాలి. హీటర్ నడిచే గదిలో దానికి నిద్ర పట్టదు, అలాగని చిగురు వేసుకోవడానికి చాలినంత వెలుతురూ దొరకదు. దాచుకున్న పిండిపదార్థం తినేస్తూ, పొడిగాలికి ఆకుల్లో నీళ్లు పోగొట్టుకుంటూ నీరసించిపోతుంది. వామన వృక్షం ఇంట్లో ఉంటే ఇంటివాళ్ల ఎదుగుదల ఆగిపోతుందని హైదరాబాదు నుంచి మా బంధువొకావిడ ఫోన్లో హెచ్చరించింది. ఎదుగుదల సంగతేమో గానీ, ఈ చెట్టు ఇంట్లో ఉండకూడదన్న మాట వరకు ఆవిడే రైటు.

ఇంత తంటా దేనికంటే, ఈ చెట్టు అంత విలువైంది కాబట్టి. బాక్స్‌వుడ్ పెరుగుదల నత్తనడక. అందుకే దాని కలప సన్నని పోగుతో, బరువుగా ఉంటుంది. పచ్చి కలప నీళ్లలో వేస్తే మునుగుతుంది. ఇంగ్లండులో థామస్ బెవిక్ పక్షుల బొమ్మలు చెక్కింది ఈ చెక్క అడ్డకోత మీదే. జపాన్‌లో దీన్ని త్సుగె అంటారు, దువ్వెనలూ షోగి ఆట పావులూ చేస్తారు. బోన్సాయ్‌కి పనికొచ్చేదీ ఆ నిదానమే. వేలెడు మొక్కకి కూడా ముసలి మాను పోలిక వస్తుంది. మేరీలాండ్‌లోని కింగ్స్‌విల్ నర్సరీ ద్వారా పేరు పడ్డ కింగ్స్‌విల్ బాక్స్‌వుడ్ అనే రకం ఏడాదికి అంగుళం కూడా పెరగదు, దాని ఆకు చిన్న గోరంత. ఇంకో సంగతి: అమెరికాలో పాత ఇళ్ల ముందు కంచెగా పెంచిన బాక్స్‌వుడ్ పొదల్ని ఇల్లు బాగుచేయించుకునేటప్పుడు పీకి పారేస్తుంటారు. బోన్సాయ్ వాళ్లు వాటికోసం కాచుకుని ఉంటారు. నా రెండో చెట్టు అలా దొరికిందే. మా పక్కింటి ముంగిట్లోది, మణికట్టంత బోదె. ఈసారి దీన్ని చంపకూడదనుకున్నాను.

చలి చెట్టంతటినీ ఒకేలా తాకుతుందని నాకున్న అపోహ అప్పుడే వదిలింది. చెట్టు పైభాగం సంగతి వేరు, వేళ్ల సంగతి వేరు. గట్టి రకమైతే, కొరియా బాక్స్‌వుడ్ లాంటిది, కొమ్మలు ఫారెన్‌హీట్ సున్నాకి పది డిగ్రీల దిగువన కూడా తట్టుకుంటాయి. లేత వేళ్లు మాత్రం నీళ్లు గడ్డకట్టే 32 డిగ్రీల నుంచి కాస్త దిగితే చాలు, దెబ్బతింటాయి. నేలలో ఉన్న చెట్టుకి ఆ భయం లేదు, చుట్టూ ఉన్న మట్టి, కింద ఉన్న భూమి వేడిని పట్టి ఉంచుతాయి. మూడంగుళాల లోతు కుండీలో చెట్టుకి ఆ అండ ఏది? నాలుగు పక్కలా చలిగాలే. నర్సరీ చీటీ మీద రాసిన చలి మండలం, అంటే చెట్టు ఎంత చలిని ఓర్చగలదో చెప్పే గుర్తు, నేలలో పెరిగే చెట్టుకి రాసింది. కుండీలోకి వచ్చేసరికి ఆ ఓర్పుని రెండు మండలాల మేర తగ్గించి లెక్కపెట్టుకోమని అనుభవజ్ఞులు చెబుతారు.

రెండో శత్రువు ఎండ. ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, బాక్స్‌వుడ్ శీతాకాలంలోనూ ఆకు రాల్చదు. జనవరిలో ఒక మధ్యాహ్నం ఎండ కాసి, గాలి వీచిందంటే ఆకులు నీళ్లు వదులుతాయి. కింద వేరుముద్ద రాయిలా గడ్డకట్టి ఉంటుంది, పైకి చుక్క ఎక్కదు. చుట్టూ మంచు పేరుకుని ఉండగానే చెట్టు దాహంతో చస్తుంది. ఆకులు ఇటుకరంగుకి తిరిగితే మాత్రం కంగారు పడక్కర్లేదు. చలికి రంగు మారడం దాని స్వభావం, వసంతంలో మళ్లీ పచ్చబడుతుంది.

కాబట్టి చేయవలసింది వెచ్చగా ఉంచడం కాదు, చల్లదనాన్ని నిలకడగా ఉంచడం. 32 డిగ్రీలకి అటూ ఇటూగా, ఒకే తీరులో. బోస్టన్‌లోని ఆర్నాల్డ్ ఆర్బోరేటమ్ అనే వృక్షవనం వాళ్లు దీన్ని శాస్త్రంగా చేస్తారు. జపాన్‌లో అమెరికా రాయబారిగా పనిచేసిన లార్జ్ ఆండర్సన్ 1913లో అక్కడినుంచి తెచ్చిన బోన్సాయ్‌లు 1937లో వాళ్ల చేతికి వచ్చాయి. అందులో ఒక హినోకి సైప్రస్ 1737 నుంచి కుండీలో ఉంది. అవన్నీ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా 33, 36 డిగ్రీల మధ్య ఉండే చల్లటి గదిలో గడుపుతాయి. మనకి అంత గది లేకపోయినా హీటర్ లేని గరాజ్ ఉంటుంది. అదీ లేకపోతే ఇంటికి ఉత్తరం వైపు గోడ వార, ఎండా గాలీ తగలని చోట, కుండీని అంచుదాకా నేలలో పూడ్చి పైన చెక్కపేళ్లు కప్పొచ్చు. దానిమీద మంచు పడితే దులపకండి, అంతకన్నా మంచి దుప్పటి లేదు. కప్పు మీదినుంచి మంచుపెళ్లలు జారిపడే చోటు మాత్రం వద్దు. ఎలుకలకి ఈ ఏర్పాటంతా తమకోసమే అనిపిస్తుంది. చుట్టూ సన్నని ఇనుప వల వేయకపోతే బెరడు మిగలదు.

గరాజ్‌లో పెట్టాక చెట్టుని మరిచిపోవడమే చాలామంది చేసే పొరపాటు. రెండు వారాలకోసారి మట్టి వేలితో తాకి చూడాలి, పొడిగా ఉంటే తడపాలి. నీళ్లు గడ్డకట్టేటప్పుడు వేడిని వదులుతాయి, అందుకే తడిమట్టి నెమ్మదిగా చల్లబడుతుంది. ఎండిన మట్టి ఒక్క రాత్రికే లొంగిపోతుంది. కుండీ సంగతీ చూసుకోవాలి. నీళ్లు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతాయి. మూతి లోపలికి వంగిన కుండీ, సరిగా కాలని మట్టి కుండీ ఆ ఒత్తిడికి పగులుతాయి.

కుండీ మార్చడం వసంతం పని. మొగ్గలు ఉబ్బి ఆకు ఇంకా విచ్చుకోని ఆ పది పదిహేను రోజులే అదను. చిన్న చెట్టుకి రెండు మూడేళ్లకోసారి, ముసలిదానికి నాలుగైదేళ్లకోసారి. ఎత్తి చూస్తే వేళ్లు కొబ్బరిపీచు పట్టాలా అల్లుకుపోయి ఉంటాయి. కొక్కెంతో దాన్ని విప్పడం నాకు జడ చిక్కు తీయడం లాగే అనిపిస్తుంది. చివరల నుంచి మొదలుపెట్టి లోపలికి రావాలి, మొదలు దగ్గరే లాగితే తెగిపోతుంది. కింద, అంచుల్లో మూడోవంతు దాకా కత్తిరించినా బాక్స్‌వుడ్ ఓర్చుకుంటుంది. సన్నని వేళ్లు దట్టంగా వేసే చెట్లకి ఉన్న సుగుణం అది. అయితే ఏడాది పొడవునా ఆకు నిలిచే ఇలాంటి ముసలి చెట్టుకి పాత మట్టంతా ఒకేసారి దులపకూడదు. ఒక సగం ఈసారి, ఇంకో సగం వచ్చేసారి. అలాగే వేళ్లు కోసిన ఏడాది కొమ్మల్ని ఎక్కువగా కత్తిరించకండి, కొత్త వేళ్లకి తిండి పంపాల్సింది ఆ ఆకులే.

మట్టి దగ్గర జపాన్ పుస్తకాలని గుడ్డిగా నమ్మి నేను మోసపోయాను. వాళ్లు మెచ్చే అకడమా అనే కాల్చని బంకమట్టి గుళికలు మా చలికి గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టి, రెండేళ్లలో ముద్దయిపోతాయి. నీళ్లు దిగక వేళ్లు కుళ్లుతాయి. ఇప్పుడు అకడమా తగ్గించి ప్యూమిస్, లావా రాయి నలగ్గొట్టినవి ఎక్కువ వేస్తున్నాను. చెట్టుని రాగి తీగతో కుండీకి కట్టి, చాప్‌స్టిక్‌తో గుళికల్ని వేళ్ల సందుల్లోకి కూరి, అడుగునుంచి తేటనీళ్లు వచ్చేదాకా తడపాలి. కదిలే చెట్టు వేరు పట్టదు. ఎరువు నెల దాటాకే.

బాక్స్‌వుడ్ కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. బాక్స్‌వుడ్ బ్లైట్ అనే బూజు తెగులు 2011లో అమెరికాలో బయటపడింది. ఆకులు తినే బాక్స్‌ట్రీ మాత్ పురుగు 2018లో టొరంటోలో, 2021లో న్యూయార్క్ రాష్ట్రంలోని నయాగరా కౌంటీలో కనిపించింది. కొత్త మొక్కని కొన్ని వారాలు విడిగా ఉంచి చూసుకున్నాకే పాతవాటి పక్కకి చేర్చండి.

కుండీ మార్చిన తర్వాత అసలు పరీక్ష మొదలవుతుంది. కొత్త వేళ్లకి చలిని ఓర్చే శక్తి ఉండదు, మా ఊళ్లోనేమో ఏప్రిల్ చివర కూడా రాత్రిళ్లు మంచు పడుతుంది. పొద్దున్నే కుండీలు బయటికి, సాయంత్రం లోపలికి, నెల రోజులు ఇదే సంత. నిరుడు ఒక్క రాత్రి బద్ధకించాను, తెల్లారేసరికి లేత చిగుళ్లన్నీ నల్లబడ్డాయి. చెట్టు చావలేదు గానీ కోలుకోవడానికి వేసవంతా పట్టింది. మే సగం దాటేదాకా ఒక పాత దుప్పటి గరాజ్ తలుపు దగ్గరే ఉంచుకోండి.