ఎడమ దీపం లేవనంటే

బానెట్‌లోంచి పైకి లేచే హెడ్‌లైట్లకు తుప్పు పడితే ఆ సంగతి ముందు చెవికే తెలుస్తుంది. డాష్‌బోర్డు మీద బటన్ నొక్కగానే కుడివైపు దీపం టక్కున లేచి నిలబడుతుంది. ఎడమవైపుది నాలుగు వేళ్లు లేచి ఆగిపోతుంది. లోపల మోటారు మాత్రం గుర్రుమంటూనే ఉంటుంది. కాసేపటికి ఆ చప్పుడూ ఆగిందంటే ఫ్యూజు పోయినట్టే. ఇలాంటి కార్లున్న చాలామంది వెంటనే కొత్త మోటారు కోసం వెతకడం మొదలుపెడతారు. నాతో పనిచేసే వరంగల్ తమ్ముడు కూడా చూసి అదే అన్నాడు: "మోటరు కాలినట్టుందన్నా, కొత్తది ఎయ్యరాదే."

కాలిన మోటారు గుర్రుమనదు తమ్ముడూ, అన్నాను. అది తిరగాలనే చూస్తోంది, దాన్ని ఏదో పట్టి ఆపుతోంది. ఆ పట్టు ఎక్కడుందో వెతకడంలోనే ఈ రిపేరు ముప్పాతిక వంతు ఉంది.

కారు మాజ్డా ఎంఎక్స్-5, మొదటి తరానిది. 1989 ఫిబ్రవరిలో షికాగో మోటార్ షోలో లోకానికి చూపించారు. జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ అన్న పేరుతో అమ్మారు. రెండే సీట్లు, చేత్తో వెనక్కి మడిచే గుడ్డ టాపు, టన్నుకు లోపు బరువు. 1997 వరకు వచ్చిన ఈ తరానికి మాత్రమే లేచే దీపాలున్నాయి. ఆ తర్వాతి తరానికి దీపాలు కదలవు.

నేనుండేది డెట్రాయిట్ శివార్లలో. ఈ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతులో ఉప్పు గని ఉంది. చలికాలంలో రోడ్ల మీది మంచు కరగడానికి రాళ్ల ఉప్పు చల్లుతారు. అది నీళ్లలో కలిసి టైర్ల నుంచి ఎగిరి కారు ముందు భాగమంతా పూసుకుంటుంది. నీరు ఆరినా ఉప్పు పోదు. గాలిలో చెమ్మను మళ్లీ తనే పీల్చుకుని ఇనుముకు తడిని అందిస్తూ ఉంటుంది. విశాఖ బీచ్ రోడ్డులో ఇంటి గేటుకు ఏడాదికోసారి రంగు వేయించుకునేవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. లేచే దీపానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అది కూర్చునేది ఒక గుంటలాంటి చోట. మూత చుట్టూ ఉన్న సందులోంచి నీళ్లు దిగుతాయి, ఆకులూ మట్టీ చేరతాయి. చలికాలమంతా కారు షెడ్డులో ఉంటే దీపం ఒక్కసారీ కదలదు. కదలని కీలులో గ్రీజు గట్టిపడుతుంది, గ్రీజు గట్టిపడి వదిలిన చోటికి తుప్పు వస్తుంది.

అసలు ఇది ఎలా లేస్తుందో ముందు చూడాలి. ఈ కారులో ఒక్కో దీపానికి ఒక్కో మోటారు. మోటారు ఇరుసుకు పొట్టి క్రాంకు, దాని కొసకు ఒక కడ్డీ, ఆ కడ్డీ రెండో కొస దీపం ఫ్రేముకు. క్రాంకు అరచుట్టు తిరిగితే దీపం పైకి వస్తుంది, మిగతా అరచుట్టు తిరిగితే కిందికి దిగుతుంది. మోటారు వెనక్కి తిరగదు, ఎప్పుడూ ఒకే వైపు. కాలితో తొక్కే కుట్టుమిషను వాడినవాళ్లకు ఒక అనుభవం ఉంటుంది. పెడలు సరిగ్గా పైకొసనో కిందికొసనో ఆగిపోతే ఎంత తొక్కినా చక్రం కదలదు, చేత్తో కాస్త తిప్పి సాయం చెయ్యాలి. క్రాంకూ కడ్డీ ఒకే గీతలోకి వస్తే తోసే బలం తిప్పడానికి పనికిరాదు. దర్జీకి అది విసుగు. ఈ డిజైనర్లు ఆ విసుగునే తాళంగా వాడుకున్నారు. దీపం పూర్తిగా లేచినప్పుడూ పూర్తిగా మూసుకున్నప్పుడూ క్రాంకు, కడ్డీ వరుసలో నిలుస్తాయి. హైవే మీద గాలి ఎంత తోసినా దీపం వాలిపోదు. గతుకుల్లో మూత ఎగిరిపడదు. అలా పట్టి ఉంచడానికి కరెంటు అవసరం లేదు, విడిగా గొళ్లెం అవసరం లేదు. ఇంత తక్కువ సామానుతో ఇంత పని చేయించిన ఇంజినీరుకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

పైకొస, కిందికొస చేరినప్పుడు కరెంటు ఆపడం మోటారు లోపలే ఉన్న కాంటాక్టుల పని. ఇరుసుతో పాటు తిరిగే పలక ఆ రెండు చోట్ల మాత్రమే సర్క్యూట్‌ను తెంచుతుంది. అందుకే సగంలో బిగుసుకున్న దీపంతో అంత ప్రమాదం. తెంచే చోటు ఎప్పటికీ రాదు, కరెంటు వస్తూనే ఉంటుంది, మోటారు వేడెక్కుతూనే ఉంటుంది. అలా రోజులు గడిస్తే నిజంగానే మోటారు కాలుతుంది. అప్పుడు కొత్తది వేసినా పాత తుప్పు దాన్నీ కాలుస్తుంది.

కనక పని ఫ్యూజు తీయడంతో మొదలవ్వాలి. రిట్రాక్టర్ అని రాసున్న ఫ్యూజును లాగేసి, ఆ తర్వాత బ్యాటరీ తీగ కూడా ఊడదీయండి. బరువు ముందూ వెనకా సమంగా పడాలని ఈ కారులో బ్యాటరీని డిక్కీలో పెట్టారు. కొత్తగా కొన్నవాళ్లు దానికోసం బానెట్ కింద చాలాసేపు వెతుకుతారు. సగంలో ఆగిన దీపం ఏ క్షణాన వదులై కదులుతుందో తెలియదు, మధ్యలో వేలుంటే మాత్రం ఆగదు. మోటారు మీద రబ్బరు టోపీ కింద ఒక మర ఉంటుంది. కరెంటు లేకుండా దీపాన్ని చేత్తో ఎత్తడానికి పెట్టింది అది. దాన్ని మెల్లగా తిప్పితే ఎక్కడ బరువెక్కుతోందో వేళ్లకే తెలిసిపోతుంది. తర్వాత కడ్డీని క్రాంకు నుంచి విడదీసి రెండింటినీ విడివిడిగా కదిపి చూడాలి. మోటారు ఒక్కటే అయితే హాయిగా తిరిగింది. దీపం ఫ్రేము మాత్రం బండరాయిలా ఉంది. దొంగ దొరికాడు: ఫ్రేము ఏ పిన్నుల మీద ఊగుతుందో ఆ పిన్నుల్లో ఒకటి.

తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, రెండింతలకు పైనే. పిన్నుకూ బుష్‌కూ మధ్య ఉండే ఖాళీ వెంట్రుకవాసి. పైకి చూస్తే నాలుగు గోధుమరంగు మచ్చలే కనిపిస్తాయి, లోపల ఆ ఖాళీ మొత్తం పూడి బిగుసుకుపోయి ఉంటుంది. అలాంటి చోట సుత్తి పెడితే పిన్ను కొస పువ్వులా విచ్చుకుంటుంది, ఇక రంధ్రంలోంచి రానే రాదు. ఇంకా బలం పెడితే ముందు ఒంగేది పలచని రేకుతో చేసిన ఫ్రేము. ఫ్రేము ఒంగితే దీపం లేస్తుంది గాని దాని చూపు రోడ్డు మీద ఉండదు.

బలం బదులు సమయం పెట్టాలి. బెజవాడ ఆటోనగర్‌లో బిగుసుకున్న బోల్టు మీద కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలేసే పద్ధతి నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఇక్కడ షెడ్డుల్లో అసిటోన్, ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఏటీఎఫ్ నూనె చెరిసగం కలిపి వాడతారు. అసిటోన్ మంటను ఇట్టే అందుకుంటుంది కాబట్టి దాన్ని పోసిన చోట వేడి చేయకూడదు. ఏ నూనె పోసినా అది సన్నటి సందులో పాక్కుంటూ వెళ్లాలి, దానికి రాత్రి ఒకటి రెండు కావాలి. తెల్లారాక ఫ్రేమును పట్టుకుని ఇటు వెంట్రుకంత, అటు వెంట్రుకంత కదపాలి. ఒకే వైపు తిప్పుతూ పోకూడదు. ఇటూ అటూ ఊపితే తుప్పు పొడిగా రాలి నూనెతో పాటు ఎర్రటి బురదలా బయటికి వస్తుంది. ఆ బురద కనిపించిన రోజు నాకు కలిగిన ఆనందం దీపం వెలిగినప్పుడు కూడా కలగలేదు. బురద తుడవడం, మళ్లీ నూనె వేయడం, మళ్లీ ఊపడం. పిన్ను వదిలినప్పుడు చప్పుడు కూడా ఉండదు. ఫ్రేము దానంతటదే బరువుకు వాలుతుంది.

ఊడి వచ్చిన ముక్కల్ని శుభ్రం చేయడానికి ఉప్పుకాగితం పట్టుకోకండి. రుద్దితే తుప్పుతో పాటు మంచి ఇనుమూ పోతుంది, పిన్ను సన్నబడి దీపం వణుకుతుంది. నేను ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి వాషింగ్ సోడా కలిపి, ముక్కకు బ్యాటరీ ఛార్జరు నెగెటివ్ కొసనూ, పనికిరాని ఇనప పలకకు పాజిటివ్ కొసనూ తగిలిస్తాను. తుప్పు పొరలు వదులై రాలిపోతాయి, ఇనుము పోదు. కొన్ని హెచ్చరికలు మాత్రం తప్పవు. పాజిటివ్ కొసకు స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే విషపూరితమైన క్రోమియం నీళ్లలో దిగుతుంది. తొట్టి నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి పని ఆరుబయట చేయాలి. స్ప్రింగుల్ని ఈ తొట్టిలో వేయకూడదు, హైడ్రోజన్ సోకి అవి పెళుసెక్కుతాయి.

తొట్టికి పట్టని ఫ్రేము మీద టానిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు పూస్తాను. గోధుమరంగు నా కళ్ల ముందే నీలి నలుపుకు తిరుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు గుర్తుకొచ్చింది శ్రీకాళహస్తి. కలంకారీ కళాకారులు తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ నీళ్లలో వారాల తరబడి నానబెట్టి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఆ నీళ్లతో గీస్తారు. గీత గుడ్డ మీద పడగానే నల్లబడుతుంది. కరక్కాయలో ఉన్నది టానినే. ఇనుమూ టానినూ కలిస్తే వచ్చే నలుపు అక్కడ బొమ్మకు గీత అవుతుంది, ఇక్కడ దీపం ఫ్రేముకు కవచం అవుతుంది. దాని మీద ప్రైమరూ రంగూ వేయడం మరిచిపోకూడదు, ఆ నలుపు ఒక్కటే ఉప్పునీళ్లకు ఎక్కువ కాలం ఆగదు.

అసలు ఈ దీపాలు ఎందుకు పుట్టాయో కూడా చెప్పాలి. మొదటిసారి పెట్టింది 1936 నాటి కార్డ్ 810 కారులో. డిజైనరు గోర్డన్ బ్యూరిగ్. డాష్‌బోర్డుకు రెండు కొసల్లో రెండు పిడులు, వాటిని చేత్తో తిప్పితే దీపాలు వచ్చేవి. 1962 నాటి లోటస్ ఎలాన్‌లో ఇంజిన్ పీల్చే గాలి బలంతో లేచేవి. ఆ శూన్యాన్ని నిలవ ఉంచింది చాసిస్ ముందున్న బోలు అడ్డుబద్దలోనే. తుప్పు ఆ బద్దకు సూదిబెజ్జం వేస్తే దీపాలు మొరాయించేవి. ఎంఎక్స్-5 చేసినవాళ్లకు స్ఫూర్తి ఆ ఎలానే. ఓపెల్ జీటీలో మీట లాగితే రెండు దీపాలూ ఒకే దిక్కుకు దొర్లుకుంటూ బయటపడేవి. అమెరికాలో 1940 నుంచి 1983 దాకా హెడ్‌లైటంటే చట్టం చెప్పిన కొలతల సీల్డ్ బీములే. అవి నేల నుంచి కొంత ఎత్తులో ఉండాలన్నది ఇంకో నిబంధన. ముక్కు నేలకు ఆనించి పరిగెత్తే కారుకు ఆ ఎత్తు ఎక్కడిది? దీపాన్ని దాచి, అవసరమైనప్పుడు ఎత్తడం ఒక్కటే దారి. చట్టం సడలింది, చిన్న దీపాలు వచ్చాయి. పాదచారులకు తగిలే అంచులు ఉండకూడదని ఐరోపాలో నిబంధనలు వచ్చాయి. 2004లో కొర్వెట్, లోటస్ ఎస్ప్రిలతో ఈ వరస ఆగిపోయింది.

ఈ లేచే దీపాల గొడవంతా తీసి పారేసి కదలని దీపాలు బిగించమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. బరువు తగ్గుతుంది, మోటార్ల బాధ ఉండదు. రేసులకు వాడే కారైతే సరే. మిగతా కార్లకు నేను ఒప్పుకోను. ఆ కారు ముక్కు అంత పల్చగా గీయగలిగింది దీపాలు లోపల దాగే వీలుండబట్టే. వాటిని పీకి అక్కడ రెండు గాజు డబ్బాలు అతికిస్తే గీసినవాడి చేతికి అన్యాయం చేసినట్టు. పైగా బుష్‌లూ పిన్నులూ ఇప్పటికీ దొరుకుతున్నాయి. 2017లో మాజ్డా సొంతంగా జపాన్‌లో ఈ తరం కార్లను బాగుచేసే సేవ ప్రకటించి, ఆగిపోయిన కొన్ని విడిభాగాల్ని మళ్లీ చేయించింది. తయారుచేసినవాళ్లే బతికించాలనుకుంటున్నప్పుడు కోసి పారేసే తొందర మనకెందుకు?

బిగించేటప్పుడు పిన్నులకు లిథియం గ్రీజు, రబ్బరు తగిలే చోట సిలికాన్ గ్రీజు పూయాలి. డబ్బాలోంచి పిచికారీ కొట్టే పలచటి నూనెను గ్రీజనుకోకండి. అది బిగుసుకున్నదాన్ని వదిలించడానికే, వారం తిరక్కుండా ఆరిపోతుంది. ముందు చేతి మరతోనే పూర్తిగా పైకీ కిందికీ తిప్పి చూసి, ఆ తర్వాతే ఫ్యూజు పెట్టాలి. రబ్బరు ఆపుల్ని సర్ది మూత అంచు బానెట్‌తో సమంగా కూర్చునేలా చూడాలి. చీకటి పడ్డాక గోడ ముందు కారు నిలిపి వెలుగు ఎక్కడ పడుతోందో సరిచూసుకోవాలి. ఈ చివరి పని ఎవరూ చేయరు, ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో మాత్రం వెలుగు కొడుతుంది. ఆపైన వారానికోసారి, పట్టపగలైనా సరే, దీపాలను ఒకసారి లేపి దించితే చాలు. ఈ కారులో వెలిగించకుండా లేపడానికి విడిగా బటన్ ఉంది.

కుడివైపుది బాగానే లేస్తోంది కదా అని వదిలేయకండి. రెండూ ఒకే ఉప్పులో తడిసినవే. ఎడమవైపు బాగుచేశాక అది చురుగ్గా లేస్తుంది, కుడివైపుది అరక్షణం వెనకబడుతుంది. నాకు ఇప్పుడు అదే కనిపిస్తోంది. నూనె పోసి ఉంచాను, శనివారం దాన్నీ విప్పుతాను.