వాగు దాటే కొలత

పోయిన ఆదివారం మా అక్క కొడుకు విశాఖ నుంచి ఫోన్ చేశాడు. "మామయ్యా, థార్ అమ్మేస్తున్నాను. రాక్స్ తీసుకుందామనుకుంటున్నాం" అన్నాడు. ఎందుకురా అంటే, "అమ్మ వెనక సీట్లోకి ఎక్కలేకపోతోంది. పాప సీటు బిగించాలన్నా నడుం పట్టేస్తోంది" అన్నాడు. నాకు వెంటనే మాట రాలేదు. 2021లో ఆ బండి వాడిచేత కొనిపించింది నేను. డీజిల్, ఫోర్ బై ఫోర్, గట్టి టాప్. బుక్ చేసిన చాలా నెలలకు గానీ చేతికి రాలేదు. వచ్చిన రోజు కాకినాడ నుంచి బస్సెక్కి వెళ్లి మరీ చూశాను.

కంపెనీ లెక్కలో దాన్ని మూడు డోర్ల బండి అంటారు. వెనక తలుపునూ కలిపి లెక్కేస్తారు కాబట్టి. మన జనం మాత్రం టూ డోర్ అనే అంటారు, నేనూ అదే అంటాను. ఈ రెండు డోర్ల బండి రోజులు దగ్గరపడ్డాయేమోనన్న భయం నాకు కొన్నేళ్లుగా ఉంది. టాటా సియెర్రా 1991లో వచ్చినప్పుడు దానికి పక్కకు ఒక్కొక్క తలుపే. వెనక, పైకప్పు మీదికి వంగిన పెద్ద అద్దం. ఆ పేరు మళ్లీ 2025 నవంబరులో వచ్చింది, ఐదు డోర్లతో. 1985లో వచ్చిన మారుతి జిప్సీ సైన్యంలో, పోలీసుల్లో, అడవుల్లో మూడు దశాబ్దాలు పైగా తిరిగి ఆగిపోయింది. దాని వరసలో 2023 జూన్‌లో మనకు దొరికిన జిమ్నీ ఐదు డోర్లది. మూడు డోర్ల జిమ్నీని 2021 నుంచి మన గురుగ్రామ్‌లోనే తయారుచేసి ఓడల్లో బయటికి పంపుతున్నారు, మనకు మాత్రం అమ్మలేదు. ఇక 2024 ఆగస్టు 15న వచ్చిన ఐదు డోర్ల థార్ రాక్స్‌కు బుకింగులు తెరిచిన మొదటి గంటలోనే 1,76,218 మంది పేర్లిచ్చారు. అంతమంది అడిగేదాన్ని వదిలి ఏ కంపెనీ అయినా పొట్టి బండి మీద డబ్బు ఎందుకు పెడుతుంది?

బయటి దేశాల్లోనూ ఇదే వరస. అమెరికాలో జీప్ రాంగ్లర్‌కు 2007 మోడల్‌తో నాలుగు డోర్ల రూపం వచ్చాక జనం అటు మళ్లారు. మన దేశంలో అయితే నాలుగు డోర్లదే అమ్ముతున్నారు. టయోటా 2025 అక్టోబరులో ల్యాండ్ క్రూజర్ ఎఫ్‌జె అని పాత పొట్టి బండి పేరు పెట్టి ఒక కొత్త బండి చూపించింది. దానికీ ఐదు డోర్లే.

ఈ శీర్షిక మొదటి నుంచీ చదువుతున్నవాళ్లకు నా మాట తెలుసు. కొండదారిలో తిరిగే బండిని కొనేటప్పుడు అద్దాలు, సీట్లు తర్వాత, ముందు కింద పడుకుని చూడాలి. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం ఎంత, ఆ మధ్యలో నేలకు దగ్గరగా వేలాడుతున్నదేమిటి అన్నది చూడాలి. ఆ దూరాన్నే వీల్‌బేస్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపుకు అది 80 అంగుళాలు, అంటే 2032 మిల్లీమీటర్లు. ఇప్పటి థార్‌కు 2450. రాక్స్‌కు 2850. తేడా మూరెడుకు కాస్త తక్కువ. గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు అవతలికి దిగుతుంటాయి, వెనక చక్రాలు ఇంకా ఎక్కుతుంటాయి. ఆ క్షణంలో బండి కడుపు గట్టుకు ఆనిందంటే అంతే, నాలుగు చక్రాలకీ పట్టు పోతుంది. చక్రాల మధ్య దూరం పెరిగినకొద్దీ ఆ ప్రమాదం పెరుగుతుంది. పొట్టి థార్ 26 డిగ్రీల పైచిలుకు గట్టును కడుపు తగలకుండా దాటుతుంది, రాక్స్ దాదాపు 24. రెండు డిగ్రీలే కదా అంటారు. ఆ రెండు డిగ్రీలకు ఎంత విలువో నేను చిన్నప్పుడు కళ్లతో చూశాను.

మా నాన్న రంపచోడవరం ఏజెన్సీలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కంపౌండరు. ఆ ఆసుపత్రికో పొట్టి జీపు. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక చక్రాల మీదుగా ఎదురుబొదురుగా రెండు బెంచీలు, పైన క్యాన్వాస్ టాపు. పక్కన తలుపులని చెప్పుకునేవి క్యాన్వాస్ ముక్కలే, అవీ వానాకాలంలోనే తగిలించేవారు. వెనక రేకు తలుపు రెండు గొలుసులతో కిందికి దిగేది. ఎవరెక్కినా అటునుంచే. డ్రైవరుగారిని అక్కా నేనూ మామయ్యా అని పిలిచేవాళ్లం. గోదావరికి పెద్ద వరదొచ్చిన 1986 ఆగస్టు అది. మాకు బడి లేదు. వాగు అవతలి కొండరెడ్ల గూడెంలో ఒకామెకు నొప్పులు మొదలై ఒక రాత్రీ ఒక పగలూ గడిచిపోయాయని మనిషి పరిగెత్తుకొచ్చాడు. ఇంట్లో చూసుకునేవాళ్లు లేక నాన్న మా ఇద్దర్నీ కూడా జీపెక్కించుకున్నాడు.

వాగు దగ్గరికి వెళ్లేసరికి ఒక కాంట్రాక్టరు వ్యాను గట్టుమీద చిక్కుకుని ఉంది. పొడుగు బండి. ముందు చక్రాలు వాగు వైపు దిగాయి, కడుపు గట్టుమీద కూర్చుంది, వెనక చక్రాలు గాలిలో ఊరికే తిరుగుతున్నాయి. పదిమంది కూలీలు తోస్తున్నా కదల్లేదు. మామయ్య జీపు ఆపి, లుంగీ ఎగ్గట్టి, కర్ర పట్టుకుని వాగులో అవతలిదాకా నడిచొచ్చాడు. తొడలదాకా నీళ్లు. తిరిగొచ్చి బానెట్ ఎత్తి స్పానరుతో ఫ్యాన్ బెల్టు వదులు చేసి ఊడదీసి నా మెడలో వేశాడు. ఫ్యాన్ తిరిగితే ఇంజను మీద నీళ్లు చిమ్మి బండి ఆగిపోతుంది. పాత ట్యూబు ముక్కొకటి డిస్ట్రిబ్యూటరు మీద కప్పి తాడుతో కట్టాడు. అప్పుడు సీట్లో కూర్చుని గేరు రాడ్ పక్కనున్న రెండు పొట్టి రాడ్లు ఒకదాని తర్వాత ఒకటి లాగాడు. ఒకటి ముందు చక్రాలకు, రెండోది లో గేరుకు. ఇంజను చప్పుడు ఒక్కసారిగా మారింది. బండి మనిషి నడకకన్నా నిదానంగా కదిలింది. వ్యాను కూర్చున్నచోటికి రెండు బారల దూరంలో అదే గట్టెక్కి, కింద ఎక్కడా తగలకుండా దిగింది. నీళ్లు కాళ్లకింది రేకుమీదికి వచ్చాయి. నాన్న మందులపెట్టె నెత్తిన పెట్టుకున్నాడు. "కాలు క్లచ్ మీద పెట్టకూడదురా, మధ్యలో ఆగితే పొగగొట్టంలోకి నీళ్లెక్కుతాయి" అని మామయ్య ముందుకు చూస్తూనే నాకు చెప్పాడు. ఆ మాట చెబుతున్నప్పటి ఆయన గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది. అవతలి ఒడ్డెక్కాక వెనక్కి చూస్తే వ్యాను అక్కడే ఉంది.

పొట్టి జీపు మీద నా నమ్మకమంతా ఆ వాగులో పుట్టింది. అందుకే సోమవారం పొద్దున్నే అక్కకు ఫోన్ చేశాను, కొడుక్కి కాస్త చెప్పమని. వాగు సంగతి గుర్తుచేశాను. అక్క అంతా విని, "వాగు దాటడం సరేరా. తిరుగు ప్రయాణంలో ఆ మనిషి కాళ్లు గుర్తులేవా నీకు?" అంది.

నిజంగానే గుర్తులేదు. అక్క చెబుతుంటే ఒక్కొక్కటీ పైకొచ్చింది. ఆమెను దుప్పట్లో మోసుకొచ్చి రెండు బెంచీల మధ్య పడుకోబెట్టారు. తల ముందు సీట్ల వీపుకు ఆనింది. కాళ్లు చాపే చోటు లేదు. రేకు తలుపు దించి, మోకాళ్లు మడిచి, పాదాలు ఆ రేకు అంచుమీద పెట్టారు. గతుకు వచ్చినప్పుడల్లా పాదాలు జారి బయటికి వేలాడేవి. ఆమె తల్లి బెంచీ మీద వంగి కూర్చుని దారి పొడుగునా రెండు చేతులతో ఆ చీలమండలు పట్టుకునే ఉంది. వాగులో నీళ్లు ఆమె పాదాలకు తగిలాయి. రంపచోడవరం పెద్దాసుపత్రికి చేర్చారు, మగపిల్లాడు పుట్టాడని మర్నాడు నాన్న చెప్పాడు. ఆ రాత్రి నాన్న అరుగుమీద కూర్చుని డ్రైవరు మామయ్యతో, "ఇంకో మూరెడు పొడుగుంటే ఆ తల్లి అంత అవస్థ పడేది కాదండీ" అన్నాడట. అక్క విన్నది. నేను నిద్రపోయుంటాను.

ఆ మూరెడే ఇప్పుడు థార్‌కూ రాక్స్‌కూ మధ్య ఉన్న తేడా. దీన్ని తలుచుకుంటూ రెండు రోజులు మరో పని చేయలేకపోయాను.

అక్క ఎందుకు ఎక్కలేకపోతోందో కూడా అప్పుడే తట్టింది. పాత జీపుకు అసలైన తలుపు వెనకది. 2010లో వచ్చిన మొదటి థార్‌లోనూ ఎదురుబొదురు బెంచీలే, అందరూ వెనకనుంచే ఎక్కేవాళ్లు. 2020 థార్‌లో వెనక సీటు ముందుకు తిరిగింది. భద్రతకు అదే మంచిది, నేను కాదనను. అయితే ఆ సీటు చేరాలంటే ముందు సీటు మడిచి, ఫుట్‌బోర్డు మీద కాలుపెట్టి, పైనున్న పిడి పట్టుకుని, ఒళ్లు పక్కకు తిప్పి దూరాలి. యాభై దాటిన మనిషి, కుచ్చిళ్లు ఒకచేత్తో ఎత్తిపట్టుకుని, అరిగిన మోకాళ్లతో అది చేయాలా? రెండు డోర్ల బండి ఇబ్బంది పెట్టడం మొదలైంది దాని వెనక తలుపును సామాన్లకు వదిలేసిన రోజున.

ఇంకో సంగతి నన్ను బాగా కుదిపింది. రెండు డోర్ల థార్ పోవడం లేదు, నిజానికి బాగానే అమ్ముడవుతోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వచ్చిన జీఎస్టీ ప్రకారం నాలుగు మీటర్లలోపు పొడవుండి, డీజిల్ ఇంజను 1500 సీసీ దాటకపోతే పన్ను 18 శాతం. అంతకుమించితే 40. పొట్టి థార్ పొడవు 3985 మిల్లీమీటర్లు. 1.5 లీటర్ల డీజిల్‌తో వచ్చే థార్ 18లో ఇమిడిపోతుంది. కాకపోతే దానికి వెనక చక్రాలకే పవరు, ఫోర్ బై ఫోర్ లేదు, లో గేరు లేదు. అదే ఒడ్డూపొడుగుతో, 2.2 లీటర్ల డీజిల్‌తో, నాలుగు చక్రాలూ లాగే థార్‌కు 40. అంటే రూపం మిగిలింది, రెండు డోర్లూ మిగిలాయి, వాగు దాటే గుణం మాత్రం ఖరీదైపోయింది. నేను ఇన్నాళ్లూ తలుపులు లెక్కపెడుతూ కూర్చున్నాను. లెక్కపెట్టాల్సింది ఆ రెండో పొట్టి రాడ్‌ని.

జపాన్ వైపు చూసినా ఇదే తేలుతుంది. 1970 నుంచి జిమ్నీ పుట్టిల్లు అది. పొట్టి జిమ్నీ అక్కడ ఇప్పటికీ అమ్ముతున్నారు. 2025 జనవరి చివర్లో మన గురుగ్రామ్‌లో తయారైన ఐదు డోర్ల జిమ్నీని అక్కడ నోమాడ్ పేరుతో ప్రకటిస్తే నాలుగు రోజుల్లో దాదాపు 50 వేల ఆర్డర్లు వచ్చి, ఇక తీసుకోలేమని ఆపేశారు. దానికీ లో గేరుంది. అక్కడివాళ్లు తలుపులు పెంచుకున్నారే తప్ప ఆ రాడ్‌ని వదులుకోలేదు.

ఏజెన్సీలో తారు రోడ్లు పడుతున్నాయి, పడాలి కూడా. ఆ రోడ్డు వచ్చిన ఊళ్లో ఏ బండైనా సరిపోతుంది. రాని గూడేల నుంచి గర్భిణుల్ని డోలీ కట్టి మోసుకొస్తున్న ఫొటోలు ఈనాటికీ పేపర్లలో చూస్తూనే ఉన్నాం. అలాంటి చోటికి కావలసింది మనిషి కాళ్లు చాపుకునేంత పొడుగుండి, లో గేరున్న బండి. పన్నులు రాసేవాళ్లకు నా విన్నపం ఒక్కటే: పొడవుతోపాటు ఆ గేరును కూడా చూడండి. కొండల్లోని ఆసుపత్రులకు, పంచాయతీలకు, అక్కడి రైతులకు ఫోర్ బై ఫోర్ బండ్ల మీద పన్ను తగ్గించండి.

మంగళవారం నేనే మేనల్లుడికి ఫోన్ చేశాను. "తీసుకోరా, తప్పకుండా తీసుకో. కాకపోతే రాక్స్‌లో ఫోర్ బై ఫోర్ డీజిల్ తీసుకో" అన్నాను. వాడు టూ వీల్ డ్రైవ్ చూసి పెట్టుకున్నాడట. రెండింటికీ మధ్య ధర తేడా చెప్పాడు. తక్కువేం కాదు. "నీ ఇష్టం, కానీ వీలైతే అదే తీసుకో. ఏడాదికి ఒక్కసారైనా అమ్మనీ పాపనీ మన వాగు దగ్గరికి తీసుకెళ్లాలి" అన్నాను. సరేనన్నాడు.

పాత థార్ చూడ్డానికి బుధవారం చింతపల్లి వైపు కాఫీ రైతు ఒకాయన వచ్చాడు. ఎన్ని డోర్లు, ఎంత మైలేజీ అని అడగలేదట. అపార్ట్‌మెంట్ సెల్లారులో కండువా పరిచి బండి కిందికి దూరి పడుకుని, ఇరుసుల మధ్య సెల్‌ఫోన్ లైటు వేసి చూశాడట. లేచి సీట్లో కూర్చుని, "లో గేరు పడుతోందాండీ?" అని అడిగాడట. పడుతోందని చూపించాక బేరం రెండు మాటల్లో తేలిపోయింది. శుక్రవారం పొద్దున బండి చింతపల్లి వెళ్లిపోయింది.