గొర్రెల పొర

ఏ మొక్క ఎక్కడ బతకగలదో పటం గీయడం నా పని. మొక్క దొరికిన చోట్ల అక్షాంశ రేఖాంశాలు, వాన, ఎండ, నేల ఎత్తు పొరలు మ్యాక్సెంట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పడేస్తే కాసేపటికి రంగులు పరుచుకుంటాయి. 2006లో ఫిలిప్స్, ఆండర్సన్, షాపైర్ మా రంగానికి అందించిన పద్ధతి ఇది. మొక్క లేని చోట్లు వెతికి రాసుకోనక్కర్లేదు, ఉన్నచోట్లు చాలు. నాలాంటి బద్ధకస్తులకు వరం.

అనంతపురం గుట్టల్లోని బోద గడ్డికి పటం మొదలెట్టాను. గడ్డి దొరికిన చోట్లకు పెట్టే చుక్కల దగ్గరే చిక్కు. ఎండు మొక్కలు అంటించిన పాత హెర్బేరియం అట్టల మీద ‘కడప కొండలు’ అని మాత్రమే ఉంటుంది. కంప్యూటర్ దాన్ని తీసుకెళ్లి కడప ఊరి నడిబొడ్డున దించుతుంది. కొత్త నమూనాలేమో జీపు ఆపి రోడ్డు పక్కన కోసినవి. వాటిని అలాగే వదిలేస్తే బోదకు తారురోడ్డంటే ప్రాణమని తేలుతుంది. ఏరడానికే రెండు వారాలు పట్టింది.

ఇక వాతావరణ పొరలు 19. ఒక్కో గడి సుమారు కిలోమీటరు. అందులోనే గుట్ట, చెరువుకట్ట, వేరుశనగ చేను. గుట్ట నెత్తిన రాళ్ల సందులకూ కింది చేనుకూ కలిపి ఒకే ఎండ, ఒకే వాన.

పటంలో ఎర్రగా, అంటే బోదకు బాగా అనువుగా, వచ్చిన ఒక గుట్ట ఎక్కాను. బోద నడుమెత్తున ఉంది. లోలోపల మురిసిపోతుండగా గొర్రెల కాపరి తాత ఎదురయ్యాడు. ‘వానలు తక్కువ గదా తాతా, అందుకే ఈడ ఇంత బాగుంది’ అన్నాను, పటం చెప్పినట్టే.

‘వానేంది సామీ! లేతగా ఉంటే రెండు కొరుకులు కొరుకుతాయి. ముదిరితే మూతి పెట్టవు. తక్కినదంతా మేసినాయి, ఇది మిగిలింది.’ ఆకు నలిపి నా ముక్కు దగ్గర పెట్టాడు. నిమ్మ వాసన, వెనకే ఘాటు.

పక్క గుట్ట కూడా పటంలో అంతే ఎరుపు. అక్కడ బోద పోచ లేదు. ‘కొట్టాలు కప్పను కోసుకుపోయినారా?’ అన్నాను. ‘కొట్టాలేడివి, అన్నీ మిద్దెలే. ఆ వాలంతా చదును చేసి చీనీ చెట్లు పెట్టినారు.’

రాత్రి లాప్‌టాప్ తెరిచి కొత్త పొరకు ‘గొర్రెలు’ అని పేరు పెట్టాను. లోపల నింపడానికి ఏమీ లేదు. 2019 పశుగణనలో తలల లెక్క ఉంది గానీ, ఏ మంద ఏ నెలలో ఏ గుట్ట మీద మేసిందో లేదు. తాత ఫోన్ నంబరు అడగడం మర్చిపోయాను.