పసుపు మచ్చలున్నా పీకొద్దు

మినుము చేలో ఆకు మీద పసుపు మచ్చ కనబడితే తుళ్లూరు రైతు రెండో ఆలోచన చేయడు. అది పల్లాకు తెగులు. తెల్లదోమ పక్క మొక్కకు అంటించేలోగా పీకి గట్టవతల పారేస్తాడు. మిరపాకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. పైముడత, కిందిముడత అంటే ఇక్కడ బడి పిల్లలకూ తెలుసు. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు మిరప మీద పడ్డాక ఆ చూపు మరింత పదునెక్కింది.

అలాంటి కళ్లకు క్రోటన్ పెద్ద చిక్కు. రాష్ట్ర రాజధాని కోసం 2015లో పొలాలు ఇచ్చేశాక చాలా ఇళ్ల ముందు కుండీలు చేరాయి. మా వీధి పెద్దాయన ఒకరు మా గేటు దగ్గర ఆగి, పసుపు చుక్కల క్రోటన్‌ను ఎగాదిగా చూసి, "ఏందబ్బాయ్, పల్లాకు పట్టిన మొక్కను నీళ్లు పోసి పెంచుతున్నావా!" అన్నారు. "అది దాని రంగే బాబాయ్" అన్నా నమ్మలేదు. ఆకు తిప్పి చూశారు. దోమ లేదు, పురుగు లేదు. ముదురాకు మీదా, లేతాకు మీదా చుక్కలు ఒకే తీరుగా ఉన్నాయి. అప్పుడు గానీ ఒప్పుకోలేదు.

ఆయన చేసిందే అసలైన పరీక్ష. పుట్టు రంగు మొక్కంతా ఒక పద్ధతిలో ఉంటుంది. తెగులు ఒక మూల మొదలై పాకుతుంది. క్రోటన్ కొన్ని రకాల్లో ఆకు మరమేకులా మెలితిరుగుతుంది. ఇంకొన్నింటిలో ఆకు మధ్యలో తెగిపోయి, ఈనె మాత్రమే కాస్త దూరం సాగి, దాని కొసన మళ్లీ చిన్న ఆకు వేలాడుతుంది. అదీ జబ్బు కాదు, ఆ రకం లక్షణమే.

రంగాకు ఉన్న ప్రతి మొక్కనూ క్రోటన్ అని అమ్మేస్తుంటారు. అసలుదాని ఆకు దళసరిగా, తోలులా మెరుస్తుంది. అంచుకు రంపపు పళ్లుండవు. తుంచితే జిగట పాలు కారతాయి. ఆ పాలు చర్మానికి పడవు, బట్టకంటితే మరక పోదు. కాండం పలకలుగా, ఆకులు మెత్తగా ఉంటే అది తులసి కుటుంబపు కోలియస్. క్రోటన్‌ది ఆముదం కుటుంబం, పుట్టిల్లు ఇండోనేషియా, పసిఫిక్ దీవుల వైపు.

కడియం నర్సరీ నుంచి తెచ్చిన కొత్తలో ఆకులు రాలుస్తుంది. కంగారు పడి నీళ్లు గుమ్మరించొద్దు. కాండాన్ని గోటితో గీరండి, లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. మన నల్లరేగడి వానకు ఉబ్బి నీళ్లు పట్టేస్తుంది, వేరు కుళ్లుతుంది. ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి, దిబ్బలా ఎత్తు చేసి నాటాలి. పొద్దుటి ఎండ తగిలితేనే రంగు తేరుతుంది. పూర్తి నీడలో ఆకులు ఆకుపచ్చకే తిరుగుతాయి, మే నెల మధ్యాహ్నపు ఎండకు మాడతాయి.

విత్తనం నుంచి వచ్చిన మొక్కకు తల్లి రంగు వస్తుందన్న నమ్మకం లేదు. నచ్చిన రంగు కావాలంటే వానాకాలంలో గాలి అంటు కట్టాలి. పెన్సిలంత కొమ్మకు అంగుళం మేర బెరడు ఉంగరంలా తీసి, తడి కొబ్బరి పొట్టు పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, రెండు కొసలా పురికొసతో బిగించాలి. కాగితంలోంచి తెల్లటి వేళ్లు కనబడ్డాక దాని కింద కోసి నాటుకోవాలి.

తెగుళ్లు లేవని కాదు. కణుపుల్లో తెల్లటి దూదిలా కనబడితే పిండినల్లి, పత్తి రైతుకు పాత శత్రువే. వేసవిలో ఆకు మెరుపు తగ్గి, అడుగున సన్నటి గూడు కడితే నల్లి. ముందు ఆకు అడుగు భాగాన్ని నీళ్లతో గట్టిగా కడగాలి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొడితే చాలు.

మచ్చ కనబడగానే మందుల కొట్టుకు పరుగెత్తడం మనకు అలవాటైపోయింది. పుట్టుకతోనే మచ్చలున్న ఈ మొక్క దగ్గర ఆ అలవాటు పనిచేయదు. ఆకు తిప్పి, పురుగు ఉందో లేదో చూసి తీరాలి. పత్తికీ మిరపకూ ఇదే లెక్క అమలు చేసి ఉంటే, సగం పిచికారీల ఖర్చు మన జేబులోనే ఉండేదని నాకనిపిస్తుంది.