సిఫారసు కూడా విమర్శే: గ్రంథపాలకులు, తెలుగు పుస్తకం, రెడ్‌మండ్

పుస్తకాల గురించి తెలుగులో వచ్చే రాతలకు మూడు పేర్లున్నాయి: పరిచయం, సమీక్ష, విమర్శ. ఈ మూడింటి మధ్య తేడాల మీద చర్చ చాలానే జరిగింది. మూడింటికీ ఉమ్మడిగా ఉన్న ఒక లక్షణం మాత్రం అంతగా చర్చకు రాలేదు. ఇవి ఎక్కువగా రచయితను ఉద్దేశించి సాగుతాయి. రచయితను మెచ్చుకుంటాయి, మందలిస్తాయి, ఏదో ఒక వాదం కింద వర్గీకరిస్తాయి. ఈ పుస్తకం ఎవరి చేతికి వెళ్ళాలి, ఏది చదివినవారికి ఇది నచ్చుతుంది అన్న ప్రశ్నలు వాటికి ముఖ్యం కావు. ఆ ప్రశ్నలనే వృత్తిధర్మంగా స్వీకరించినవారు గ్రంథపాలకులు. వారి సిఫారసు విమర్శలో ఒక శాఖ అనీ, అది తెలుగువారికి కొత్త కాదనీ, రెడ్‌మండ్ వంటి ఊళ్ళలో అది కొరవడితే తెలుగు పుస్తకానికి నష్టమనీ ఈ వ్యాసం ప్రతిపాదన.

రెడ్‌మండ్‌కు పడమట, సరస్సు కవతల ఉన్న సియాటిల్ ఈ విషయంలో ప్రసిద్ధి చెందిన నగరం. 1998లో అక్కడి పబ్లిక్ లైబ్రరీకి చెందిన వాషింగ్టన్ సెంటర్ ఫర్ ది బుక్, ఊరంతా ఒకే పుస్తకం చదివితే ఎలా ఉంటుందన్న కార్యక్రమాన్ని ప్రారంభించింది. దాన్ని నడిపినవారిలో ప్రముఖురాలు గ్రంథపాలకురాలు నాన్సీ పెర్ల్. మొదటి ఎంపిక రసెల్ బ్యాంక్స్ నవల ‘ది స్వీట్ హియరాఫ్టర్’. బడి బస్సు ప్రమాదంలో పిల్లల్ని పోగొట్టుకున్న ఒక చిన్న ఊరి కథ అది. ఊరంతా కలిసి చదవడానికి ఉల్లాసమైన పుస్తకాన్ని కాక, ఊరి దుఃఖాన్నీ బాధ్యతనూ ప్రశ్నించే పుస్తకాన్ని ఎంచుకోవడంలోనే విమర్శకు అవసరమైన వివేచన ఉంది. తరువాత ఈ పద్ధతి అనేక నగరాలకు పాకింది.

పెర్ల్ చేసిన మరో ప్రతిపాదన మనకు ఇంకా ఉపయోగకరం. పాఠకులు పుస్తకంలోకి నాలుగు ద్వారాల గుండా ప్రవేశిస్తారని ఆమె అంటారు: కథ, పాత్ర, స్థలం, భాష. ఒకరికి నచ్చిన పుస్తకంలో వారు ఏ ద్వారం గుండా వెళ్ళారో తెలిస్తే, తరువాత ఏ పుస్తకం ఇవ్వాలో తెలుస్తుంది. దీన్ని తెలుగు పుస్తకాలకు అన్వయించి చూడవచ్చు. ‘చివరకు మిగిలేది’లోకి చాలామంది పాత్ర ద్వారం గుండా వెళ్తారు. మహీధర రామమోహనరావు ‘కొల్లాయి గట్టితేనేమి?’లో కోనసీమే పెద్ద ద్వారం. నామిని ‘మిట్టూరోడి కతలు’ భాష ద్వారం తెరుచుకోని పాఠకుడికి దాదాపు మూసిన ఇల్లే.

అయితే ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథను కేవలం కథ ద్వారం గుండా అందిస్తే, పాఠకుడికి మిగిలేది ఒక భయానకమైన ముగింపు మాత్రమే. అప్పు, భూమి, ఊరి న్యాయం ఎలా పెనవేసుకున్నాయో చెప్పకపోతే ఆ ముగింపుకు కారణం అందదు. పాఠకుడి అభిరుచిని తెలుసుకోవడం సిఫారసులో సగం పని. ఆ అభిరుచికి అలవాటు లేని పుస్తకం వైపు అతణ్ణి సిద్ధపరచడం మిగతా సగం. ఈ రెండో సగానికి విమర్శ కావాలి.

రచయితలతో ముఖాముఖి విషయంలోనూ ఇదే దృష్టి కనిపిస్తుంది. పెర్ల్, జెఫ్ ష్వేగర్ కలిసి 2020లో తెచ్చిన ‘ది రైటర్స్ లైబ్రరీ’లో రచయితలను అడిగేది ప్రధానంగా వారు చదివిన పుస్తకాల గురించే. రచయిత అక్కడ మరో పాఠకుడు. తెలుగు ముఖాముఖిలో తరచుగా ఒక్క ప్రశ్నతో ముగిసే విషయం అక్కడ పుస్తకమంతా పరుచుకుంటుంది.

ఇదంతా దిగుమతి సరుకు అనుకోనక్కరలేదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, పాఠకుడు పుస్తకం దగ్గరికి వస్తాడని ఎదురుచూడలేదు. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవ కెక్కించి కృష్ణా కాలువ వెంట ఊళ్ళకు పంపారు. పడవలో పట్టేవి కొన్నే కనుక ఏవి వెళ్ళాలో ఎవరో నిర్ణయించాలి. అక్షరాలు రానివారికి చదివి వినిపించాలన్నా ముందు ఎంచుకోవాలి. ఆ ఎంపిక విమర్శే. 1918లో వేటపాలెంలో మొదలైన సారస్వత నికేతనం పాత పత్రికలను భద్రపరచి, పరిశోధకులకు స్థానిక సాంస్కృతిక చరిత్రను మిగిల్చింది. హైదరాబాదులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం విషయంలో తెలుగు పుస్తకాన్ని ఒకచోట చేర్చడమే ఒక సాంస్కృతిక ప్రకటన. 1960 చట్టం తరువాత గ్రంథాలయం ప్రభుత్వ వ్యవస్థగా స్థిరపడింది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్నూ వచ్చింది. కానీ పుస్తకానికీ పాఠకుడికీ నడుమ నిలబడే మనిషి క్రమంగా తెరమరుగయ్యాడు. చాలా చోట్ల మిగిలింది దినపత్రికల బల్ల, పోటీ పరీక్షల పుస్తకాలు.

రెడ్‌మండ్ గ్రంథాలయం 1942లో ఏర్పడిన కింగ్ కౌంటీ లైబ్రరీ సిస్టమ్‌లో భాగం. దాని ఆదాయంలో అధిక భాగం ఆస్తి పన్ను నుంచే వస్తుంది. అంటే ఇక్కడ ఇల్లు కొనుక్కున్న ప్రతి తెలుగు కుటుంబం తెలిసో తెలియకో ఆ అల్మరాలకు చందాదారే. అయినా తెలుగు పుస్తకానికి ఇక్కడ రెండు అడ్డంకులున్నాయి. ఒకటి, జాబితా. అమెరికన్ గ్రంథాలయాలు సాధారణంగా అనుసరించే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లిప్యంతరీకరణలో ‘చ’కు ‘సి’ అక్షరం ఒక్కటే. ‘సి, హెచ్’ రెండూ కలిస్తే ‘ఛ’. చలం పేరును మనకు అలవాటైన ఇంగ్లీషు అక్షరాలతో వెతికితే పుస్తకాలు దొరకకపోవచ్చు. రెండు, కాలం. ఎవరూ అరువు తీసుకోని పుస్తకాలను ఏరివేయడం ఇక్కడి సార్వజనిక గ్రంథాలయాల మామూలు పద్ధతి. తెలుగు చదవగల గ్రంథపాలకుడు లేనిచోట ఆ పుస్తకం తరఫున మాట్లాడేవారు ఉండరు. మంచి పుస్తకమూ చెడ్డ పుస్తకమూ ఒకే లెక్కలో పోతాయి.

స్థానిక చరిత్రదీ ఇదే పరిస్థితి. ల్యూక్ మెక్‌రెడ్‌మండ్ వంటి తొలి వలసదారుల పేర్లు, 1912లో పట్టణం ఏర్పడిన వైనం గ్రంథస్థమయ్యాయి. 1986లో మైక్రోసాఫ్ట్ వచ్చాక మారిన ఊరిలో తెలుగువారి బతుకూ ఒక అధ్యాయమే. ఉత్సవాల ప్రత్యేక సంచికలు, నాటకాల కరపత్రాలు, సాహిత్య సభల ఆహ్వానాలు ఇళ్ళలోని అట్టపెట్టెల్లో ఉన్నంతకాలం అది చరిత్ర కాదు.

కనుక చేయవలసింది పుస్తకాల విరాళం ఒక్కటే కాదు. ఒక్కొక్క తెలుగు పుస్తకానికి ఒక పేజీ పరిచయం, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ, గ్రంథపాలకుడి చేతిలో ఉండాలి. ఆ పేజీ రచయిత ఘనతను కాక, పాఠకుడు వెళ్ళవలసిన ద్వారాన్ని, లోపల ఎదురయ్యే కష్టాన్ని చెప్పాలి. అలా రాయడం మన విమర్శకులకూ మంచి సాధన. ‘ఇది గొప్ప పుస్తకం’ అన్న మాట అక్కడ చెల్లదు. ఎవరికి, ఎందుకు అన్న ప్రశ్నకు సమాధానం చెప్పాల్సి వస్తుంది.